కిరీటం కేసులో పసుపు దారం

ముందే చెప్పేస్తున్నాను, మా ఆయన దొంగ కాదు. ఈ మాట ఖరగ్‌పూర్‌లో ముప్పై అయిదేళ్ళుగా చెప్తున్నాను, వినే నాథుడు లేడు. ట్రాఫిక్ కాలనీకి కొత్తగా వచ్చిన పాలవాడు, గ్యాసుబండ తెచ్చేవాడు, ఆఖరికి ఓట్ల జాబితా పట్టుకొచ్చిన దీదీ కూడా మా గేటు దగ్గర ఆగి "కిరీటం వాళ్ళిల్లు ఇదేనా?" అనే అడుగుతారు. కాదు, ఇది అప్పలకొండగారి ఇల్లు అని చెప్పి నేను తలుపు వేసేస్తాను. తలుపు వేస్తే పేరు పోతుందా? తెలుగు బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మీనాకుమారిని, నన్ను కూడా పిల్లలు వెనకాల కిరీటం టీచరమ్మ అనేవాళ్ళు. చేతిలో బెత్తం ఉండేది కాబట్టి ఎదురుగా అనలేదు.

ఆ పేరెలా వచ్చిందో చెప్తాను. అప్పట్లో కలకత్తా టీవీలో 'తిమిర్‌బాబు' అని ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. తిమిర్‌బాబు వేషం వేసిన ప్రణవేశ్ అప్పటికి ఎవరికీ తెలియని కుర్రాడు. ఇప్పుడంటే తెల్లగడ్డం పెంచి, సినిమాల్లో పెద్ద హీరో అయి, మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటనలో కూడా అందంగానే కుంటుతున్నాడు గానీ, అప్పుడు అతనికి అదే మొదటి వేషం. పదమూడు భాగాల్లో ఏడోది మా ఊళ్ళో తీశారు. కథలో రైల్వే వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ జరుగుతుంది. పూజయ్యాక దేవుడి వెండి కిరీటం తీసి పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. అందరూ ఖిచుడీ తినడానికి కూర్చున్న వేళ ఎవరో హాక్సా రంపంతో తాళం కోసి కిరీటం పట్టుకుపోతారు. తిమిర్‌బాబు వచ్చి ఆ తాళం చూసి, ఇంత నున్నగా కోసే చెయ్యి ఫిట్టరుదే అని తేల్చి, హరిపద మిస్త్రీకి బేడీలు వేయిస్తాడు. ఆ హరిపద మిస్త్రీ మా ఆయన.

ఆయన నిజంగానే ఫిట్టరు. మా తెలుగువాళ్ళ నాటకాల్లో వేషాలు వేసేవాడు, బెంగాలీ నీళ్ళు తాగినట్టు మాట్లాడతాడు. వాళ్ళు అడిగారు, ఈయన ఒప్పుకున్నాడు. వర్క్‌షాపు లోపల తీయడానికి అనుమతి రాలేదని కాలనీ మైదానంలో పందిరి వేశారు. పనిముట్లు మావాళ్ళు ఎవరివి వాళ్ళు ఇళ్ళ నుంచి పట్టుకెళ్ళారు. ఉత్తినే పట్టుకెళ్ళలేదు, అసలు పూజకు ఎలా తీసుకెళ్తారో అలాగే కడిగి, నూనె రాసి, సిందూరం పెట్టి మరీ తీసుకెళ్ళారు. దేవుడి బొమ్మ ముందు పెట్టేటప్పుడు షూటింగు ఏమిటి, పూజ ఏమిటి?

ఆ భాగం టీవీలో వచ్చిన రోజున పనిముట్ల స్టోర్సులో పనిచేసే గోవిందరావు అన్నయ్య ఇంట్లో అరవై మంది చేరాం. నలుపు తెలుపు టీవీ, బొమ్మ మీద ఒకటే చుక్కలు. అదిగో మన మైదానం, అదిగో మా బావ అని అరుపుల్లో ఒక్క మాట వినబడితే ఒట్టు. చివర్లో మా ఆయన చేతులకు బేడీలు పడినప్పుడు మాత్రం అందరూ నోళ్ళు మూసుకుని చూశారు. అప్పుడు గోవిందరావు అన్నయ్య లేచి నిలబడి, "ఒరే కొండా, కిరీటం దొంగా" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. పేరు పెట్టడానికి ఎంతసేపు?

అక్కడితో ఆగితే నేనూ నవ్వేసి ఊరుకుందును. ఆ ఏడు సెప్టెంబరులో వర్క్‌షాపులో అసలు విశ్వకర్మ పూజకు మామూలుగా పిల్లాపాపలతో వెళ్ళాం. మా ఆయన దేవుడి ముందు వంగి దండం పెట్టుకుంటుంటే, వెనక నుంచి అదే గోవిందరావు అన్నయ్య, "కిరీటం పట్టుకోండిరా, కొండ వొచ్చినాడు" అన్నాడు. పూజారి నవ్వాడు, ఆఫీసర్లు నవ్వారు. మా ఆయనా నవ్వాడు. పక్కనున్నాను కాబట్టి ఆ నవ్వు నేను చూశాను, పెదవుల మీద ఉంది గానీ కళ్ళలో లేదు.

మరుసటి ఏడు పూజ నాటికి ఆయనకు జ్వరం. ఆ పై ఏడు విజయనగరంలో ఎవరో బంధువుల ఇంట్లో పని. రిటైరయినవాళ్ళని కూడా ఏటా పిలుస్తారు, అయినా వెళ్ళడు. ఆ రోజు పొద్దున్నే పెరట్లో పీట వేసి, తన హాక్సా, ఆకురాయి, సుత్తి దానిమీద పేర్చుకుని, ఒక్కడే కర్పూరం వెలిగించుకుంటాడు. రేడియోలో ఏదో పాట పెట్టుకుంటాడు, వర్క్‌షాపు వైపు నుంచి వచ్చే డప్పులు వినబడకుండా. ఫిట్టరు చెయ్యి విశ్వకర్మకు దూరమైతే ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, ఆయన్ని అలా చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఇదిగో, ఈ ఏడు సెప్టెంబరు మొదటివారంలో మా మనవరాలు ప్రశాంతి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పదమూడు భాగాలూ ఎవరో బాగుచేసి, రంగుల్లో ఉన్నవి ఉన్నట్టు నెట్‌లో పెట్టారట. దాని కాలేజీలో అమ్మాయిలు అరవై ఏళ్ళ ప్రణవేశ్‌ని వదిలేసి పాతికేళ్ళ ప్రణవేశ్ వెంట పడ్డారట. "తాతని కూడా సూస్తారు మామ్మా" అంది సంబరంగా. తాత ఆ మాట విని, బెండమొక్కలకు నీళ్ళు పెట్టాలని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అప్పుడే వాన వెలిసింది, మొక్కలు నీళ్ళలోనే ఉన్నాయి.

నేనూ ప్రశాంతీ టీవీలో పెట్టుకుని చూశాం. బొమ్మ అద్దంలా ఉంది. మా ఆయనకు అంత జుట్టు ఉండేదని నేను మర్చిపోయాను. తిమిర్‌బాబు దేవుడి ముందున్న పనిముట్లలోంచి హరిపద హాక్సా తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి, "ఈ రంపమే తాళం కోసింది" అంటాడు. తెరంతా ఆ హాక్సాయే. నేను ప్రశాంతి చేతిలోంచి రిమోట్ లాక్కున్నాను. ఆపడం చేతకాక ధ్వని పెంచాను. చివరికి అదే ఆపింది.

హాక్సా పళ్ళ మీంచి అడ్డంగా పసుపు దారం, మూడు చుట్లు. దారానికి బంతిపువ్వు. దారం మీంచి పళ్ళ మీదికి ఒకే గీతగా సిందూరం. ఆ దారం కట్టింది నేను. ప్రతి పూజకూ కట్టినట్టే ఆ రోజు పొద్దున్న కూడా ఇంట్లో కూర్చుని నా చేత్తో కట్టాను. మూడు చుట్లు, రెండు మడతల ముడి, మా అమ్మ నేర్పింది. ఆ దారం తెగలేదు. దారం తెగకుండా ఆ రంపంతో తాళం కాదు కదా, చెరుకుముక్క కూడా కోయలేరు. అసలు సంగతి అదొక్కటే కాదు. పూజకు పెట్టిన పనిముట్టును నిమజ్జనం అయ్యేదాకా మావాళ్ళు ముట్టరు. ఇంట్లో కుళాయి కారుతున్నా స్పానరు తీయరు, గిన్నె పెట్టుకుంటారు. ఆ కథ రాసినాయనకి ఆ ముక్క తెలియదు. తిమిర్‌బాబు నిర్దోషిని పట్టించాడు, రుజువు తన చేతిలోనే పట్టుకుని మరీ పట్టించాడు.

సంతోషం పట్టలేక పెరట్లోకి పరుగెత్తాను. దారం, ముడి, సిందూరం అన్నీ ఊపిరాడకుండా చెప్పాను. ఆయన మగ్గు కింద పెట్టి, తెలుసు అన్నాడు. అప్పుడే తెలుసట. నాకు ఒళ్ళు మండింది. తెలిసినవాడివి ఆ రోజు నోరు విప్పి ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"సెప్పినాను మీనా. దారం అలాగే ఉంది గదా, నానెలా కోసినాను బాబూ అని అడిగినాను. డైరెక్టరు ఇనిపించుకోనేదు, అయిదింటి బండికి ఎల్లిపోవాల అన్నాడు. ఆ కుర్రోడు ఇన్నాడు. నన్ను పందిరెనక్కి తీసికెళ్ళి, దాదా, నువ్వు సెప్పింది నిజమే, గానీ ఈ భాగం ఆగిపోతే నన్ను తీసీసి ఇంకొకణ్ణి పెడతారు, ఇప్పటికే ఎతుకుతున్నారు అన్నాడు. ఆడి బూటు అడుగున అట్టముక్క ఉంది మీనా. తిమిర్‌బాబు బూటు."

"అయితే?"

"అయితే ఏటి? ఎల్లి సేతులు సాపినాను. నా పేరు నాటకంలో పోనాది. ఆడి కూడు నిజంగా పోయీది."

 ఏమనాలో తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. ముప్పై అయిదేళ్ళు కాపురం చేస్తూ నాతో ఎందుకు చెప్పలేదని అరిచాను. చెప్తే నువ్వు ఊరుకుంటావా అన్నాడు. అదీ నిజమే, మర్నాడే కలకత్తా బండెక్కేదాన్ని. ఆ కుర్రాడి మాట మాత్రం ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పెద్దవాడయ్యాడు, మొదటి వేషంలో పట్టిన కేసు తప్పని ఇప్పుడు బయటపెట్టి నవ్వులపాలు చెయ్యడమెందుకట. సరే, ఆ ముక్క మా కాలనీలో చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరు మా కాలనీలో ఉండరు కాబట్టి. కానీ దారం సంగతికి నేనెవరికీ ఒట్టు వేయలేదు.

ఆదివారం పొద్దున్న పదింటికి రిటైరయిన పెద్దలందరినీ మా ఇంటికి పిలిచాను. పకోడీలని కబురంపితే పద్నాలుగు మంది వచ్చారు. గోవిందరావు అన్నయ్యకు ముందు కుర్చీ వేశాను. నేను గెలిస్తే పూజ నాడు దేవుడి ముందు నిలబడి, కొండ దొంగ కాదని నీ నోటితో చెప్పాలన్నాను. ఓడితే రోజూ సాయంత్రం పకోడీలు వేస్తావా చెల్లెమ్మా అన్నాడు. ఒప్పుకున్నాను. మా ఆయన వెనక గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు, వద్దని చెప్పీ చెప్పీ అలిసిపోయి.

స్కేలు పట్టుకుని టీవీ పక్కన నిలబడ్డాను. ప్రశాంతి బొమ్మ ఆపి పెద్దది చేసింది. దారం చూపించాను, ముడి చూపించాను, సిందూరం గీత చూపించాను. గోవిందరావు అన్నయ్య తేలిగ్గా లొంగే మనిషి కాదు. దారం విప్పి, తాళం కోసి, మళ్ళీ కట్టుండొచ్చు కదా అన్నాడు. కడితే ఈ ముడి నువ్వు కట్టి చూపించమని పసుపు దారం చేతికిచ్చాను. పావుగంట తంటాలు పడ్డాడు. దారం వేలికి బిగుసుకుపోయి, కత్తెర తేవలసి వచ్చింది.

అప్పుడు సాక్షిగా లూకా అన్నని లేవమన్నాను. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు వెల్డరు. ఆయన సాక్ష్యానికి తిరుగు లేదని ఎందుకంటానంటే, ఆయన మెచ్చుకోలు మాట ఎవరి గురించీ అన్నవాడు కాదు. పూజ రోజున పనిముట్టు ఎత్తిన ఫిట్టరుని ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"నాను సర్చికెళ్ళీవోణ్ణి. అయినా ఆ రోజు నా టార్చికి బొట్టు పెట్టనిచ్చీవోణ్ణి, తెల్లారీదాకా ముట్టీవోణ్ణి కాను. నానే ముట్టకపోతే కొండ ముడతాడేటి?"

అందరూ తలలూపారు. కొండ దొంగ కాదని తేలిపోయింది. ఒకరి తర్వాత ఒకరు వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పకోడీల పొగ అని చెప్పాను.

అక్కడితో లేచి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతే ఈ కథ అయిపోయేది. గోవిందరావు అన్నయ్య ఊరుకోడుగా. ఓడిపోయిన ఉక్రోషంతో, కొండ తీయకపోతే మరెవడు తీసినాడంటారు అన్నాడు. అడగకూడని మాట అడిగాడు. లూకా అన్న ప్రశాంతిని ఖిచుడీ తినే చోటికి వెనక్కి తిప్పమన్నాడు. బారుగా అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ప్రశాంతి ఒక్కొక్క మొహం మీద ఆపుతుంటే, ఇది ఫలానా, ఇది ఫలానా అని పేర్లు చదివారు. అందరూ ఉన్నారు, ఒక్కరు లేరు. తర్వాత బొమ్మలో పందిరి వెనక నుంచి ఒకాయన మూతి తుడుచుకుంటూ, నడుము దగ్గర ఏదో దోపుకుంటూ వస్తాడు. అది గోవిందరావు అన్నయ్య.

"బీడీకెళ్ళినాను" అన్నాడాయన. బీడీకైతే నడుము దగ్గర ఏమిటని ఎవరో అడిగారు. బీడీ కట్ట అన్నాడు. కొత్త హాక్సాలు ఎవరి దగ్గరుంటాయి, స్టోర్సువాడి దగ్గర కాదా అని ఇంకొకరు. మాటల మధ్య ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి నడుము తడుముకుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట. మిగతావాళ్ళంతా పడీ పడీ నవ్వారు, అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ముప్పై అయిదేళ్ళ నవ్వు అది, ఆపితే ఆగలేదు. నవ్వనిది మా ఆయనొక్కడే.

ఆ సాయంత్రానికే ఈ మాట కాలనీ దాటి పూరీ గేట్ దాకా పాకింది. గోవిందరావు అన్నయ్య టీ కొట్టుకు వెళ్తే, దాదా, గాజు గ్లాసు తిరిగిచ్చి వెళ్ళండి అన్నారట. గుడికెళ్తే పూజారి శఠగోపం గబుక్కున వెనక్కి తీసుకున్నాడట. రెండు రోజులు ఆయనా ఎదురు మాట అన్నాడు. మూడో రోజు నుంచి బయటికి రావడం మానేశాడు. బాగా అయింది అనుకున్నాను. అబద్ధమెందుకు, కాలరెగరేసుకుని తిరిగాను.

పదిహేడో తారీకు, విశ్వకర్మ పూజ రోజు వచ్చింది. బెంగాల్ ఆనవాయితీ ప్రకారం ఆకాశం నిండా గాలిపటాలు. మా ఆయన తెల్లవారకముందే లేచి స్నానం చేసి, హాక్సా కడిగి నూనె రాసి నా ముందు పెట్టాడు. పసుపు దారం మూడు చుట్లు చుట్టి ముడి వేశాను.  వర్క్‌షాపు గేటు దాటుతుంటే ఒక్క క్షణం ఆగి, లోపలి ఇనుము వాసన పీల్చి, నడిచాడు. దేవుడి ముందు హాక్సా పెట్టి వంగితే ఎంతకీ లేవలేదు. వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నేను అటూ ఇటూ చూస్తూ కాపలా ఉన్నాను, అంటే గింటే నా నోరు చూద్దురని.

అప్పుడు వచ్చాడు గోవిందరావు అన్నయ్య. మాట ఇచ్చాడు కదా, చెప్పడానికే వచ్చాడు. చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు పందిరి చివర నిలబడ్డాడు. లూకా అన్న ఆయన్ని చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, "కిరీటం పట్టుకోండిరా, గోవిందు వొచ్చినాడు" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. పూజారి నవ్వాడు. గోవిందరావు అన్నయ్యా నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. పెదవుల మీద ఉంది, కళ్ళలో లేదు.  ఆయన చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు.

మా ఆయన లేచాడు. అందరినీ తప్పించుకుంటూ వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. చెప్పులిప్పమన్నాడు. వద్దురా కొండా, జ్వరంగా ఉంది అన్నాడాయన. మా ఆయన చెయ్యి వదలకుండా పందిరి వైపు తిరిగి, నాటకాల్లో చివరి వరుసకు వినబడేలా మాట్లాడేవాడే, ఆ గొంతుతో అన్నాడు.

"కిరీటం తీసినోణ్ణి నాను. తిమిర్‌బాబు తప్పు సెప్పడు. ఈణ్ణి వొదిలీండి."

దారం సంగతేమిటని లూకా అన్న అడిగాడు. దారం మీనా మళ్ళీ కట్టింది, అదీ ఇందులో ఉంది అన్నాడు మా ఆయన, నావైపు వేలు చూపించి. పందిరి మళ్ళీ గొల్లుమంది. గోవిందరావు అన్నయ్య మా ఆయన భుజం మీద తల ఆనించాడు. ఇద్దరూ పక్కపక్కన వంగి దండం పెట్టుకున్నారు. ఇద్దరికీ మోకాళ్ళు పట్టేస్తే లేపడానికి నలుగురు కావలసి వచ్చింది.

పది రోజులు పోరాడి, పద్నాలుగు మందికి పకోడీలు పెట్టి గెలిచిన కేసు నాది. ఒక్క మాటతో పోగొట్టాడు. పైగా నన్ను కూడా కేసులో ఇరికించాడు. దారి పొడుగునా తిట్టాను. ఆయన ఈలవేస్తూ నడిచాడు. ఆయన ఈలవేయగలడని కూడా నేను మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్న గేటు చప్పుడైంది. సాలువా ఊరి వైపు నుంచి వచ్చే పాలవాడు మానేసినట్టున్నాడు, ఎవరో కొత్త మనిషి, సైకిలు మీద క్యాన్లు. కిరీటం వాళ్ళిల్లు ఇదేనా అని అడిగాడు.

తలుపు మీద చెయ్యి వేశాను. పెరట్లోంచి ఈల వినబడుతోంది.

"ఇదే" అన్నాను. "రోజూ లీటరు పొయ్యి."